రెండు అరబిక్‌ల మధ్య

శీనూ,

జవాబు ఆలస్యమైందని కోప్పడకురా. కొత్త బ్యాచ్ మొదలైతే నాకు తీరికే ఉండదు. ఇన్నేళ్లయ్యాక అరబిక్ చెప్పడంలో కొత్తేముంటుందని అడిగావుగా, అదే రాస్తున్నాను.

అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకు అరబిక్ నేర్పడానికి 88 వారాలు, అంటే 2,200 గంటల క్లాసులు లెక్కగడుతుంది. స్పానిష్‌కి పట్టేదానికి దాదాపు మూడింతలు! అందరూ లిపిని చూసి భయపడతారు. నిజానికి ఆ 28 అక్షరాలు రెండు వారాల్లో వచ్చేస్తాయి. చిక్కంతా హ్రస్వాచ్చులు రాయకపోవడంలో ఉంది. క్, త్, బ్ అని మూడే అక్షరాలు కనిపిస్తాయి. అది 'కతబ' అయితే రాశాడని, 'కుతిబ' అయితే రాయబడిందని, 'కుతుబ్' అయితే పుస్తకాలని అర్థం. మాట ముందే తెలిస్తే తప్ప సరిగ్గా చదవలేం. ఒకే ధాతువు నుంచి ఇన్ని మాటలు పుట్టే ఈ అల్లిక చెప్పేటప్పుడు నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. అన్నట్టు, మనం రోజూ వాడే హక్కు, ఖాళీ, అసలు కూడా అరబిక్ నుంచి వచ్చినవే.

అంతకన్నా పెద్ద చిక్కు, అరబిక్‌లు రెండుండటం. పత్రికల్లో, ప్రసంగాల్లో ఫుస్‌హా, అంటే ప్రామాణిక అరబిక్. ఇంట్లో, వీధిలో మాండలికం. 'నీకేం కావాలి' అనడానికి పుస్తకంలో 'మాదా తురీద్' అని ఉంటే కైరోలో 'ఆయిజ్ ఏ' అంటారు. భాషాశాస్త్రవేత్త ఫెర్గూసన్ 1959లోనే ఈ పరిస్థితిని 'డైగ్లోసియా' అని వివరించాడు. అది చదివి కూడా నేను చాలాకాలం ఫుస్‌హా ఒక్కటే చెప్పాను. ఒకమ్మాయి కైరో వెళ్లి, "పేపరు చదవగలుగుతున్నాను సార్, పక్కింటావిడ మాట మాత్రం అర్థం కావట్లేదు" అని రాసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదురా. ఇప్పుడు మొదటి రోజు నుంచే రెండూ కలిపి చెబుతున్నాను. పిల్లలు గందరగోళపడతారని కొందరంటారు కానీ, గందరగోళమేదో క్లాసులో నేను పక్కన ఉండగానే పడటం మేలు.

ఇక నా పరిశోధన. రోజుకి ఆరు గంటల కోర్సులో మూడో వారానికి అందరూ డీలా పడతారు, టెన్షన్ మొదలవుతుంది. ఒకప్పుడు ఇంకా గట్టిగా రుద్దేవాణ్ణి. ఇప్పుడు చివరి గంటలో కొత్త మాట ఒక్కటీ ఉండదు, వచ్చిన మాటలతోనే కబుర్లు. కోర్సు అయ్యాక ఏం మిగులుతుందన్నదే నా ప్రశ్న. అందుకని కోర్సు ముగించినవాళ్లకి ఆరు నెలల తర్వాత ఫోన్ చేసి అరబిక్‌లో మాట్లాడిస్తున్నాను. ఇప్పటిదాకా విన్నంతలో క్రియారూపాల పట్టికలు చాలామందికి చెరిగిపోయాయి. తమ గురించి తాము చెప్పుకున్న వాక్యాలు మాత్రం అలాగే ఉన్నాయి.

రేపు ఇంకో ముగ్గురికి ఫోన్ చేయాలి. విన్నాక మళ్లీ రాస్తాను.

నీ
మూర్తి