నాన్న బండి ఇంకా సిద్ధం కాలేదు, మీ మొక్కలు మాత్రం ఈ వారమే బయల్దేరుతున్నాయి

నమస్కారమండీ.

మా అల్వాల్ నర్సరీలో మిద్దె తోట ప్యాకేజీకి అడ్వాన్సు కట్టి, ఇంకా మొక్కలు అందని 21 ఇళ్ల వాళ్ల కోసం ముఖ్యంగా ఇది రాస్తున్నాను. సామాను చేరిపోయిన 41 ఇళ్ల వాళ్లూ దయచేసి చదవండి. మీరు కట్టిన డబ్బు సంగతి కూడా ఇందులో ఉంది.

ఆగస్టులో మీ అందరికీ ఒక మాట చెప్పాను. నాన్న నడిపిన పాత టాటామొబైల్ పికప్‌ను ఇంటి దగ్గరే బాగు చేస్తున్నామని, దసరాకల్లా పూజ చేసి రోడ్డెక్కిస్తామని, మట్టి బస్తాలు, కుండీలు, మొక్కలు అన్నీ అందులోనే మీ గుమ్మం దాకా తెస్తామని. చాలామంది సంతోషించారు. కొందరైతే ఆ బండిలోనే పంపండి, ఆలస్యమైనా పర్లేదు అన్నారు. దసరా వెళ్లింది, దీపావళి వెళ్లింది, కార్తీక పౌర్ణమి కూడా వెళ్లిపోయింది. బండి ఇప్పటికీ మా ఇంటి ముందు మామిడి చెట్టు కింద స్టాండ్ల మీదే ఉంది. దసరా రోజు బొట్టు పెట్టడానికి తలుపులు కూడా లేవు, ఛాసిస్‌కే పసుపు కుంకుమ పెట్టి గుమ్మడికాయ కొట్టాం.

బండి ఆలస్యం కావడం ఒకెత్తు. మీ మొక్కలు ఆలస్యం కావడం ఇంకొకెత్తు. ఆ రెండోది పూర్తిగా నా తప్పు. అదేంటో ముందు చెప్తాను.

62 ఇళ్లు తలా 1,500 చొప్పున కట్టిన అడ్వాన్సు 93,000 రూపాయలు. అది కడియం నుంచి మొక్కల లోడు తెప్పించడానికి, కోకోపీట్, వర్మీకంపోస్టు కొనడానికి ఉంచాల్సిన డబ్బు. సెప్టెంబరులో ఇంజన్ పని బిల్లు అనుకున్నదానికంటే పెరిగింది. మిగతా డబ్బు కడితేనే ఇంజన్ పైభాగం, అంటే హెడ్డు, ఇస్తామని ఆ పని చేసిన వాళ్లు అన్నారు. పది రోజుల్లో మళ్లీ పెట్టేస్తాను కదా అనుకుని మీ అడ్వాన్సులోంచి 40,000 తీసి కట్టేశాను. పది రోజుల్లో పెట్టలేకపోయాను. అందుకే దసరా లోడు పూర్తిగా తెప్పించలేక కొంతే తెప్పించాను. 41 ఇళ్లకు సరిపోయింది, 21 ఇళ్లకు లేకుండా పోయింది. ఆ రోజుల్లో ఫోన్ చేసిన వాళ్లకు "కడియంలో వానలండీ, లోడు లేటు" అని చెప్పాను. అది నిజం కాదు. క్షమించండి.

ఇప్పుడు ఆ 40,000 మళ్లీ చేరింది. మా చీటీ ఈ నెల పాడుకున్నాను. పాటలో కొంత పోయింది, అది నా నష్టమే. అడ్వాన్సులకు వేరే ఖాతా తెరిచాను, ఆ ఖాతాలో డబ్బు మొక్కలకు, మట్టికి తప్ప ఇంక దేనికీ కదలదు. మిగతా లోడు సోమవారం రాత్రి దిగింది. చామంతి, పిటూనియా, గులాబీలు బాగా వచ్చాయి. కరివేపాకు, నిమ్మ అంట్లు కూడా అడిగిన వాళ్లకు సరిపడా ఉన్నాయి. వద్దు, డబ్బే వెనక్కి ఇవ్వండి అన్నా ఆ రోజే ఇచ్చేస్తాను, కారణం అడగను.

ఇక బండి సంగతి. దీని గురించి అడిగిన వాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

టాటా వాళ్లు 1988లో తెచ్చిన పికప్ ఇది. నాన్న 1991లో కొన్నారు, ఏపీ 9తో మొదలయ్యే నెంబరు. టీఎస్ వచ్చింది, ఇప్పుడు టీజీ వచ్చింది, మా బండిది పాత నెంబరే. ఇరవై ఏళ్లకు పైగా ఆయన దాన్ని కడియం దారిలోనే నడిపారు. రానూ పోనూ ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాట. సాయంత్రం బయల్దేరి, సూర్యాపేటలో టీ తాగి, విజయవాడ దాటి, తెల్లారేసరికి రావులపాలెం. మొక్కలు ఎక్కించుకుని ఎండ పడకుండా మళ్లీ రాత్రికే తిరుగు ప్రయాణం. నేను పదో తరగతి సెలవుల్లో రెండుసార్లు ఆ క్యాబిన్‌లో కూర్చుని వెళ్లాను. నాన్న మోకాళ్లు పోయాక 2017లో బండి ఆగిపోయింది. ఎనిమిదేళ్లు అదే చెట్టు కింద ఉంది.

పోయిన ఏడాది ఒక షెడ్డుకు ఇచ్చాం, పేరు చెప్పను. రెండు నెలలు పెట్టుకుని 35,000 తీసుకుని, రంగు వేసి మెరిసేలా పంపారు. నాన్న చాలా మురిసిపోయారు. మా బాబాయ్ వచ్చి చూసే వరకూ మేమూ అంతే. బాబాయ్ ఆర్టీసీలో, మియాపూర్‌లో బస్సు బాడీలు కట్టే దగ్గర ముప్పై ఏళ్లు రేకు పని చేసి రిటైరయ్యారు. ఆయన ఏమీ మాట్లాడకుండా మా ఫ్రిజ్ మీది వినాయకుడి అయస్కాంతం తీసుకొచ్చి, బండి వెనక సామాను వేసే తొట్టి పక్క రేకు మీద పెట్టి మెల్లగా జరపడం మొదలుపెట్టారు. పైన అంటుకుంది. జానెడు కిందికి జరగగానే టప్పున జారి కింద పడింది. మళ్లీ పెట్టారు, మళ్లీ పడింది. "బిడ్డా, ఇక్కడ రేకు లేదు. లప్పమే" అన్నారు. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే పెచ్చు ఊడింది. దాని వెనక చెయ్యి పట్టేంత చిల్లు, చిల్లులో ఉండలు చుట్టి కూరిన న్యూస్‌పేపరు, దాని మీద ఫైబర్ మ్యాట్, దాని మీద వేలు మందాన లప్పం, ఆ పైన తళతళలాడే లేత నీలం రంగు. నాన్న కుర్చీలో కూర్చుని అంతా చూశారు. ఆ రోజు అన్నం సరిగా తినలేదు.

తుప్పు ఎలా వచ్చిందన్నది మన నర్సరీ పనికి సంబంధించిన విషయం. తొట్టి మూలల్లో నీళ్లు పోవడానికి కంపెనీ వాళ్లు పెట్టిన చిన్న కంతలుంటాయి. ఏళ్ల తరబడి ఎర్రమట్టి, పేడ ఎరువు వాటిల్లో చేరి గట్టిపడిపోయింది. తడి మొక్కలు పెట్టినప్పుడల్లా నీళ్లు కిందికి పోయే దారి లేక రేకుల మడతల్లోనే నిలిచాయి. పైగా పొటాష్ బస్తాలు అందులోనే వేసేవాళ్లం. మనం వాడే పొటాష్ పొటాషియం క్లోరైడ్, అది ఉప్పు జాతి. తడి మట్టికి ఉప్పు తోడైతే ఇనుము ఎంత తొందరగా పోతుందో మా తొట్టి చూస్తే తెలుస్తుంది. తొట్టి బోల్టులు విప్పి ఆరుగురం పట్టి దింపితే, కింద ఛాసిస్ అడ్డ మెంబరు, అంటే బరువు మోసే అడ్డ ఇనుప దూలం, ఒకటి కూడా తుప్పు తినేసి ఉంది. బాబాయ్ సుత్తితో కొట్టుకుంటూ వెళ్తుంటే మంచి చోట ఖంగున మోగింది, ఆ చోటికి రాగానే శబ్దం చచ్చిపోయింది. ఆ మెంబరు మీద అర టన్ను మట్టి వేసుకుని మీ వీధిలోకి రావడం నా వల్ల కాదు. లప్పం పెట్టి దసరాకి తేగలిగేవాళ్లం, నేనే వద్దన్నాను. ఆ నిర్ణయం విషయంలో మాత్రం నాకు ఏ పశ్చాత్తాపమూ లేదు.

అప్పటి నుంచి పని నెమ్మదిగా నడుస్తోంది. పోయిన రేకు పోయినంత మేర కోసేసి, 18 గేజ్ సీఆర్ షీటు (నున్నటి ఇనుప రేకు) కత్తిరించి, వంచి, సీఓటూ వెల్డింగ్‌తో అతుకుతున్నాం. ఒకేచోట వరుసగా వెల్డింగ్ లాగితే రేకు వేడికి పాపడంలా లేస్తుంది. అందుకని ఇక్కడో చుక్క, అరడుగు అవతల ఇంకో చుక్క, చల్లారాక మధ్యలో ఇంకోటి. ఒక పక్క పూర్తి కావడానికే పదకొండు రోజులు పట్టింది. అడ్డ మెంబరు మాత్రం మందపాటి ప్లేటుతో కొత్తది చేయించాం. సెప్టెంబరు వానల్లో తొందరపడి ఒక తలుపుకు రంగు వేస్తే గాలిలో తేమకు పైన తెల్లగా పొర కట్టింది, మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఇప్పుడు చలికాలం, గాలి పొడిగా ఉంది. రంగు కింద తుప్పు పట్టకుండా వేసే ఎపాక్సీ ప్రైమర్ ఈ నెలాఖరుకు పడుతుంది. గ్రైండర్ మోతకు ఓర్చుకుంటున్న మా వీధి వాళ్లకు కృతజ్ఞతలు. పిల్లల పరీక్షలున్నాయని చెప్పారు కాబట్టి ఇక సాయంత్రం అయిదు దాటితే గ్రైండర్ ముట్టుకోం.

ఇంజన్ మాత్రం నేను అనుకున్నదానికంటే సంతోషపెట్టింది. 1,948 సీసీ డీజిల్ ఇంజన్ ఇది. 1991లో వచ్చిన సియెరాలోనూ, తర్వాత 1994లో వచ్చిన సుమోలోనూ ఇదే ఇంజన్ పెట్టారు. అందువల్ల మాకు చాలా మేలు జరిగింది. రాణిగంజ్‌లో టాటామొబైల్ పార్టు అని అడిగితే తల అడ్డంగా ఊపిన వాళ్లే, పాత సుమోది అనగానే లోపలి నుంచి డబ్బా తెచ్చారు. దొరకనివి పుత్లీబౌలిలో వెతికాం. ఎనిమిదేళ్లకు ఇంజన్ పట్టేసింది. బాబాయ్ దాన్ని బలవంతంగా తిప్పనివ్వలేదు. సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ విప్పి, ఆ కంతల్లోంచి నాలుగు సిలిండర్లలోనూ డీజిల్, ఇంజన్ ఆయిల్ కలిపి పోసి వారం రోజులు అలాగే వదిలేశారు. రోజూ పొద్దున క్రాంక్ పుల్లీకి స్పానర్ వేసి కొంచెం కదిపి చూడటం, అంతే. ఆరో రోజున అర అంగుళం కదిలింది. తర్వాత విప్పితే రింగులు, హెడ్డు పని తేలింది. డీజిల్ పంపు కాలిబ్రేషన్‌కి ఇచ్చాం, ట్యాంకులో తారులా పేరుకున్న జిగురంతా కడిగించాం.

కార్తీక పౌర్ణమి రోజు సాయంత్రం తొలిసారి స్టార్ట్ చేశాం. పైపుల్లో గాలి పోయేదాకా పంపు కొట్టి, హీటర్ ప్లగ్గులు వేడెక్కేదాకా ఆగి, తాళం తిప్పాను. మూడోసారికి అందుకుంది. తెల్లటి పొగ వీధంతా కమ్మింది. ఇంజన్ తిరుగుతోంది కానీ కుంటుతోంది. నాన్న కుర్చీలోంచే "ఒకటి పని చేస్తలేదు, మూడోది చూడు" అన్నారు. బాబాయ్ ఒక్కో నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేస్తూ వెళ్లారు. మొదటిది వదులు చేయగానే శబ్దం పడిపోయింది, అంటే అది పని చేస్తున్నట్టు. రెండోదీ అంతే. మూడోది వదులు చేస్తే శబ్దంలో ఏ మార్పూ లేదు. నాన్న చెప్పిందే. ఆ నాజిల్ మార్చాక ఇంజన్ ఒకే వరసలో తిరిగింది, పొగ తగ్గింది. నాన్న కుర్చీ దగ్గరకు జరిపించుకుని బానెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే కూర్చున్నారు. దీపాలు పెట్టే వేళ దాటిపోతోందని అమ్మ పిలిచినా కదల్లేదు.

ఖర్చు కూడా చెప్తాను. మొదట 1,20,000 అనుకున్నాం. ఇప్పటిదాకా 1,75,000 అయింది. షెడ్డులో పోయినవి 35,000, ఇంజన్ 62,000, పంపు, నాజిల్స్ 23,000, రేకు, వెల్డింగ్, ప్రైమర్ 41,000, బ్రేకులు 14,000. టైర్లు, రంగు, సీట్లు ఇంకా మిగిలే ఉన్నాయి. ఇందులో ఒక్క రూపాయి కూడా మొక్కల ధరల్లో కలపను. ఈ డబ్బుతో సెకండ్ హ్యాండ్ మినీ ట్రక్కు కొనుక్కుంటే వ్యాపారానికి బాగుండేది కదా అని మీలో ఒకరు అడిగారు. లెక్క ప్రకారం ఆ మాట నిజమే. ఈ బండి మా ఇంటి సంగతి, నాన్న కోసం, నా కోసం చేసుకుంటున్న పని. మీ మొక్కలు మీతో నా ఒప్పందం. రెండింటినీ ఒకే సంచిలో వేయడమే నేను చేసిన పొరపాటు.

వింటేజ్ బండిగా రాయించుకోవచ్చు కదా అని ఇంకొకరు అడిగారు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి, అంటే మాది 2041 దాకా కుదరదు. కుదిరినా వింటేజ్ బండిని సామాను తోలడానికి వాడకూడదు. మాది గూడ్స్ బండి, ఏటా ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) చేయించాల్సిందే. ఎఫ్‌సీ, ఇన్సూరెన్సు చేతికి వచ్చేదాకా బండి మా గేటు దాటదు. ఈసారి తేదీ చెప్పను. అయ్యాక చెప్తాను. రోడ్డెక్కాక తొట్టిలో చెక్క రీపర్లు వేసి, వాటి మీదే బస్తాలు పెడతాం. కింద నీళ్లు నిలవకూడదు. పొటాష్ బస్తా మాత్రం ఇక అందులో ఎక్కదు.

మీ 21 ఇళ్లకు అద్దె ట్రాలీ మాట్లాడాను, కిరాయి నాదే. అల్వాల్, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి వాళ్లకు గురువారం, సుచిత్ర, కొంపల్లి వాళ్లకు ఆదివారం. ప్రతి ఇంటికీ ఎనిమిది బస్తాల మట్టి మిశ్రమం వస్తుంది, దించడానికి ఇద్దరు మనుషులు వస్తారు. లిఫ్టులో మట్టి బస్తాలు ఎక్కించనివ్వని అపార్టుమెంట్లు కొన్ని ఉన్నాయి. మీది అలాంటిదైతే, ఎన్నో అంతస్తో ముందు రోజు సాయంత్రంలోగా చెప్పండి, ఇంకో మనిషిని పంపిస్తాను. మొక్కలు దింపిన రోజే కుండీల్లోకి మార్చకండి. రెండు రోజులు నీడలో ఉంచి, మూడో రోజు సాయంత్రం నాటండి.