మీవాడు ఆర్మీలో చేరతానంటే

ఒరేయ్,

నీ మెసేజ్ చూసి రెండు రోజులైంది, రెండు లైన్లలో తేలేది కాదని ఆగాను. మీవాడు ఆర్మీ అంటున్నాడు, మీ ఆవిడ నీతో మాటలు మానేసింది, నువ్వేమో పద్దెనిమిదేళ్ళు చేశావు కదరా మంచిదో కాదో ఒక్క ముక్కలో చెప్పు అంటావు. ఒక్క ముక్కలో చెప్పగలిగితే బయటికొచ్చి ఇన్నేళ్ళయినా దాని గురించే ఎందుకు ఆలోచిస్తూ కూర్చుంటాన్రా.

జీతం సంగతి ముందు. నెల తిరిగేసరికి జీతం, ఉండటానికి చోటు, తిండి, బట్టలు, వైద్యం, వీటి గురించి బెంగ ఉండదు. రోమ్‌లో అగస్టస్ క్రీ.శ. 6లోనే రిటైరయ్యే సైనికుల కోసం విడిగా ఖజానా పెట్టాడు తెలుసా, దానికోసం వారసత్వ ఆస్తి మీద 5 శాతం పన్ను వేస్తే జనం తిట్టుకున్నార్ట! ఇప్పుడు ఒక్కో దేశానిదీ ఒక్కో లెక్క, అమెరికాలోనైతే మామూలుగా 20 ఏళ్ళు నిండితేనే పెన్షన్, 19 దగ్గర దిగిపోతే అది పోయినట్టే. అందుకే మీవాణ్ణి మొదట అడగాల్సింది దేశభక్తి గురించి కాదు, ఎన్నేళ్ళ కాంట్రాక్టు, మధ్యలో వదిలేయొచ్చా, దిగిపోయాక రిజర్వులో ఎన్నాళ్ళుంచుతారు, మళ్ళీ పిలిస్తే వెళ్ళాలా. సంతకం పెట్టేటప్పుడు ఇవన్నీ చదివేవాణ్ణి నేనైతే చూళ్ళేదు, నేనూ చదవలేదు.

ఏ బ్రాంచిలో చేరతాడో కూడా అడుగు. బయటివాళ్ళకి తుపాకీ పట్టుకుని పరిగెత్తేవాడే సైనికుడు గానీ, ఆర్మీ అంటే డ్రైవర్లు, మెకానిక్‌లు, నర్సులు, స్టోర్ లెక్కలు రాసేవాళ్ళు, వంటవాళ్ళు కూడా. నేను సిగ్నల్స్‌లో పడ్డాను కాబట్టి బయటికొచ్చాక ఆ రేడియో పనే కూడు పెట్టింది, నాతో చేరి కాల్బలంలోకి వెళ్ళినవాడు నాకన్నా ధైర్యవంతుడు, వాడికి మాత్రం సెక్యూరిటీ గార్డు ఉద్యోగమే దొరికింది.

ఒంటి సంగతి చెప్పాలంటే మోకాళ్ళు, చెవులు. రైఫిల్ చప్పుడు 150 డెసిబెల్స్ దాటుతుంది, 140 దాటితే ఒక్క దెబ్బకే చెవికి చేటు. కుడిచేత్తో కాల్చేవాడి ఎడమ చెవి గొట్టం వైపుంటుంది, అందుకే నాకు ఎడమ చెవిలో ఇరవైనాలుగ్గంటలూ కీచురాళ్ళే. మనసుకి తగిలిన దెబ్బైతే కనపడదు కూడా. 1915లోనే చార్లెస్ మైయర్స్ అనే డాక్టరు దాన్ని షెల్ షాక్ అని రాశాడు, పీటీఎస్‌డీ అన్న పేరుతో అమెరికా సైకియాట్రిస్టులు దాన్ని రోగాల పుస్తకంలోకి ఎక్కించింది 1980లో. ఈ మధ్యలో ఎంతమంది పిరికివాళ్ళనిపించుకుని పోయారో!

ఇవన్నీ ఒకెత్తు, నేను అసలు చెప్పాలనుకున్నది వేరే. అక్కడ నీ బదులు ఎవరో ఒకరు నిర్ణయిస్తారు, ఎప్పుడు లేవాలి, ఏం వేసుకోవాలి, ఏ ఊరికి పోవాలి, అంతా. మొదట్లో చిరాకేస్తుంది, తర్వాత ఎంత హాయిగా ఉంటుందంటే చెప్పలేను, నువ్వు నిద్రపోతుంటే ఇంకొకడు కాపలా కాస్తున్నాడు, రేపు నీ వంతు, అంతే బతుకు. ఆ నమ్మకం నాకు మళ్ళీ ఏ ఆఫీసులోనూ దొరకలేదు, నిన్ను కూడా అంత నమ్మలేదు, తిట్టుకోకు. దిగిపోయిన కొత్తలో షర్టు కొందామని వెళ్ళి అరగంట నిలబడి ఏ రంగు తీసుకోవాలో తేల్చుకోలేక ఉత్తచేతుల్తో వచ్చేశాన్రా, నలభై ఏళ్ళోణ్ణి! ఇంట్లోవాళ్ళకి ఆ హాయి కూడా లేదు, మా పాప ఐదో స్కూల్లో చేరిన రోజు "ఇక్కడ ఫ్రెండ్స్ చేసుకోనా, వద్దా నాన్నా" అని అడిగింది, ఏం చెప్పను?

మళ్ళీ చేరతావా అంటే చేరతాను, పాపని అడిగితే వద్దంటుంది. మీవాడు ఇంట్లో నీతో పడక పారిపోదామని చూస్తుంటే మాత్రం ఆపు, అక్కడ నీకన్నా గట్టిగా అరిచేవాళ్ళుంటారు. ఆదివారం వాణ్ణే నాకు ఫోన్ చెయ్యమను, పక్కన నువ్వు కూర్చోకు. కాస్త గట్టిగా మాట్లాడమను, కుడి చెవి కూడా ఈమధ్య మొరాయిస్తోంది.

నీ,
సిగ్నల్‌గాడు