మాలేగావ్ జాతరలో గుర్రాన్ని నడిపించి చూసే జాగా కావాలి

మహారాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఈ లేఖ మరాఠీ ప్రతిని మీ కార్యాలయానికి పోస్టులో పంపాను. నాందేడ్ జిల్లా ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్ వైపు పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు తిప్పి బతికేవాళ్లలో మాలాంటి తెలుగువాళ్లూ ఉన్నారు. వాళ్లూ చదవాలని తెలుగులోనూ రాస్తున్నాను.

లోహా తాలూకా మాలేగావ్ ఖండోబా జాతరలో గుర్రం కొనేవాడు పళ్లు చూస్తాడు, రంగు చూస్తాడు, సుడులు లెక్కపెడతాడు. గిట్ట ఎత్తి చూసేవాళ్లు తక్కువ. సుడి మంచిదైతే కాలూ మంచిదే అన్న ధీమా ఎక్కడినుంచి వచ్చిందో మరి!

కుంటు తెలియాలంటే గట్టి నేల మీద, తాడు వదులుగా పట్టుకుని, తిన్నగా దుల్కీ, అంటే నెమ్మది పరుగులో, నడిపించాలి. ముందు కాలులో నొప్పి ఉంటే ఆ కాలు నేలకు తాకినప్పుడు గుర్రం తల పైకెత్తుతుంది, మంచి కాలు మోపినప్పుడు దించుతుంది. చాలామంది దీన్ని తిరగేసి చూసి మంచి కాలికి కట్టు కడతారు. వెనక కాలైతే తుంటి కదలిక చూడాలి. రెండు ముందు గిట్టలూ నొప్పిగా ఉంటే తల ఊపు పెద్దగా కనిపించదు, అడుగులు మాత్రం పొట్టివవుతాయి. ధాన్యం ఎక్కువ తిన్నాక గుర్రం ముందు కాళ్లు చాపి బరువంతా వెనక్కి వేసి నిలబడితే అది మొండితనం కాదు, గిట్ట లోపల వాపు. అలాంటి గుర్రాన్ని కొట్టి నడిపించడం నేను చూశాను. ఉన్నట్టుండి కాలు మోపలేకపోతే గిట్టలో చీము పట్టిందేమో ముందు చూడాలి. గిట్ట వేడిగా ఉంటుంది, దాని పైన నాడి గట్టిగా కొట్టుకుంటుంది.

జాతరలో ఇదంతా చూసే వీలేది? కాళ్ల కింద దుమ్ము, చుట్టూ జనం. పైగా నొప్పి ఇంజెక్షన్ ఇచ్చిన గుర్రం ఆ పూట చక్కగానే నడుస్తుంది. ఇంటికొచ్చాకే అసలు సంగతి బయటపడుతుంది.

అందుకే జాతర మైదానంలో కొంత గట్టి నేల చదును చేయించి తాళ్లు కట్టించండి. గుర్రాల వైద్యం తెలిసిన డాక్టర్‌ను అక్కడ కూర్చోబెట్టండి. ముక్కు కారే గుర్రాలను విడిగా ఉంచి గ్లాండర్స్ పరీక్షకు రక్తం తీయించండి, అది మనుషులకూ అంటుకునే రోగం. అలాగే 1962కు ఫోన్ చేస్తే వచ్చే పశువైద్య వాహనంలో గిట్ట నొక్కి చూసే పట్టకారు, ధనుర్వాతం టీకా ఉండాలి. ఎద్దుల వైద్యం బాగా తెలిసిన డాక్టర్ కూడా గుర్రం గిట్ట ఎత్తడానికి జంకుతున్నాడు. ఆయన్నేం అనలేం, రోజూ చూసేది ఆవులు, గేదెలే కదా.

గుర్రాలకు లాడాలు కొట్టే నాల్‌బంద్‌ల సంగతి ఇంకా కష్టం. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి గిట్ట చెక్కి నాల్ మార్చాలి. ఆ పని నేర్చిన ముసలివాళ్ల తర్వాత పిల్లలెవరూ ముందుకు రావడం లేదు. 2019 పశుగణన ప్రకారం దేశం మొత్తం మీద గుర్రాలు, పోనీలు సుమారు 3.4 లక్షలే. అంతకు ముందు లెక్కలో 6 లక్షలకు పైనే ఉన్నాయి. ఉన్న కొద్దివాటికైనా జిల్లాకు ఇద్దరు నాల్‌బంద్‌లను మీ శాఖ తయారుచేయలేదా?

కుంటే గుర్రంతో పని చేయించడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరమే. కాదనను. కానీ సీజన్‌లో గుర్రాన్ని కట్టేస్తే అడ్వాన్సు తిరిగివ్వాలి. ఆ టెన్షన్‌లో యజమాని నొప్పి మాత్ర వేసి ఊరేగింపుకు తోలుకెళ్తాడు. జరిమానా కన్నా ముందు డాక్టర్ అందుబాటులో ఉంటే అంతదాకా రాదు.

జాతర మార్గశిరం చివర్లో మొదలవుతుంది. స్థలం కేటాయింపులు అంతకు ముందే అయిపోతాయి కాబట్టి ఆదేశం దసరా నాటికైనా జిల్లాకు చేరేలా చూడండి.

ఇట్లు,
బిలోలి తాలూకా నుంచి ఒక గుర్రాల యజమాని