మహిళా దినోత్సవం చార్టు, మా ఇంటి గంగాళం

సంపాదకులకు నమస్కారం.

మార్చి వస్తోందంటే మా కాకినాడలో స్టేషనరీ షాపుల దగ్గర తల్లిదండ్రుల హడావుడి మొదలవుతుంది. "ఉమెన్స్ డే చార్టు ఉందా?" అని అడగడం, షాపు అబ్బాయి కట్టలోంచి ఒకటి లాగి ఇవ్వడం, రాత్రి పదింటికి అమ్మో నాన్నో కూర్చుని బొమ్మలు కత్తిరించి అతికించడం. పిల్లలు అప్పటికే నిద్రపోయి ఉంటారు. నాలుగో తరగతి చదివే మా మనవరాలికీ మొన్న అదే ప్రాజెక్టు ఇచ్చారు. చార్టులో ఎనిమిది మంది ఉన్నారు, ఎనిమిది మంది కిందా రెండేసి లైన్లు. "వీళ్లలో నీకు ఎవరు నచ్చారే?" అంటే, "గ్రీన్ చీర ఆవిడ" అంది.

బడిని తప్పుపట్టే అర్హత నాకు లేదు. ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పి రిటైరయ్యాను. ఇలాంటి చార్టులు తెమ్మన్నదాన్ని నేనే, ఇన్‌స్పెక్షన్ అయిపోగానే బీరువా మీద పడేసినదాన్నీ నేనే. ఫ్యాన్సీ డ్రెస్ పోటీలకు అద్దె కిరీటాలు, ప్లాస్టిక్ కత్తులు పెట్టించి ఒకే ఏడాది ముగ్గురు ఝాన్సీ రాణులను స్టేజీ ఎక్కించిన ఘనత కూడా నాదే. కాబట్టి ఇది ఎవరి మీదా ఫిర్యాదు కాదు. ఇంట్లో, పెద్ద ఖర్చు లేకుండా, ఇంకోలా చేసి చూశాం. అది చెబుదామనే ఈ ఉత్తరం.

సంక్రాంతికి మా ఇంట్లో బొమ్మల కొలువు పెడతాం. అయిదు మెట్లు. పైన దేవుళ్లు, మధ్యలో పెళ్లిబృందం, కింద కొండపల్లి బొమ్మల ఊరు. ఈసారి కింది మెట్టు మీద కొంచెం చోటు ఖాళీ చేయించి, స్వాతంత్ర్య సమరయోధురాలు దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథ పెడదామన్నాను. ఆవిడ పుట్టింది రాజమండ్రిలో, 1909లో. పెరిగింది మా కాకినాడలోనే. 1923లో ఇక్కడ కాంగ్రెస్ మహాసభలు జరిగినప్పుడు పక్కనే ఖద్దరు ఎగ్జిబిషన్ పెట్టారు. టికెట్ లేనివాళ్లను లోపలికి పంపకూడదు, అదీ వాలంటీరుగా ఆ అమ్మాయికి అప్పగించిన పని. నెహ్రూ గారు వస్తే ఆయన్నీ ఆపేసింది. నిర్వాహకులు కోప్పడితే, మీరు చెప్పిందే చేశానంది. చివరికి వాళ్లు టికెట్ కొన్నాకే ఆయన్ని లోపలికి వదిలింది. అప్పటికి ఆమెకు పద్నాలుగేళ్లు.

ఇది చెప్పాక పిల్లలు నన్ను ఇంకేం చెప్పనివ్వలేదు. పాత పెళ్లి శుభలేఖలు కత్తిరించి టికెట్లు చేశారు. ధర పది రూపాయలు వేయబోతే, అప్పట్లో అణాలమ్మా, పదహారు అణాలైతే రూపాయి అన్నాను. ఆ లెక్కకు అరగంట పట్టింది. అగ్గిపెట్టెలతో గేటు, నా జాకెట్ల ముక్కలతో ఖద్దరు దుకాణం. పేరంటానికి వచ్చిన వాళ్లను గుమ్మంలోనే ఆపి టికెట్ అడిగింది మా మనవరాలు. రెండో తరగతి చదివే మనవడు నెహ్రూ వేషం కట్టాడు. జేబుకు గులాబీ పెట్టుకుని, టికెట్ లేకుండా మూడుసార్లు దూరబోయాడు, మూడుసార్లూ దొరికిపోయాడు.

నాలుగు రోజుల తర్వాత, కొలువు తీసేస్తుంటే, "అమ్మమ్మా, దుర్గాబాయి ఏ స్కూల్లో చదివింది?" అని అడిగింది మా మనవరాలు. అసలు కథ అప్పుడు మొదలైంది. ఎనిమిదేళ్లకే ఆమెకు పెళ్లి చేశారని, పెద్దయ్యాక ఆ కాపురం వద్దనుకుందని, చిన్నతనంలోనే ఆడపిల్లలకు హిందీ నేర్పే బడి పెట్టిందని, తర్వాత లా చదివిందని, మద్రాసులో ఆంధ్ర మహిళా సభ నెలకొల్పిందని, రాజ్యాంగ సభలో కూర్చున్న పదిహేను మంది మహిళల్లో ఒకరని కొంచెం కొంచెంగా చెప్పాను. ఎనిమిదేళ్లకు పెళ్లి అన్నచోట పిల్ల ఆగిపోయింది. దానికిప్పుడు తొమ్మిది. ఇలాంటివి పిల్లలకు చెప్పొచ్చా అని మా అల్లుడు కాస్త టెన్షన్ పడ్డాడు. చెప్పాలనే నా ఉద్దేశం. ఆ ఒక్క ముక్క దాచిపెడితే, బడి పెట్టడంలో అంత గొప్పేముందో పిల్లలకు ఎలా అర్థమవుతుంది?

చాకలి ఐలమ్మ సంగతి ఇంకో రకంగా వచ్చింది. మా గోదావరి వైపు పిచ్చుకల కోసం వరికంకులను కుచ్చులుగా అల్లి చూరుకు కడతారు. పొలం నుంచి తెచ్చిన కంకులతో పిల్లలకు అల్లిక నేర్పుతున్నాను. కాడలను కాస్త తడిపితే గానీ వంగవు, లాగి కడితే గింజ రాలుతుంది. రాలిన గింజలు చూసి మనవడు చీపురు తెచ్చాడు. ఊడ్చి పారేయకురా, అదే గింజల కోసం తెలంగాణలోని పాలకుర్తిలో ఒకావిడ దొరను ఎదిరించింది అన్నాను. కౌలుకు తీసుకున్న పొలంలో ఐలమ్మ వరి పండిస్తే, కోత సమయానికి ఆ దొర, అంటే విసునూరు దేశ్‌ముఖ్, మనుషులు పంట పట్టుకుపోవడానికి వచ్చారు. ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు ఆమె పక్కన నిలబడ్డారు. పంట ఆమె ఇంటికే చేరింది. చేతిలో కంకి ఉంది కాబట్టి "కౌలు అంటే ఏంటి?" అని అడిగారు. చార్టు మీద చదివి ఉంటే ఆ మాట దాటేసి పోయేవాళ్లు.

ఇక గంగాళం సంగతి. మా అమ్మకు అమ్మమ్మ అయిన ఆవిడను ఇంట్లో అందరం తాతమ్మ అనే అనేవాళ్లం. ఆవిడ పేరేంటని పిల్లలు అడిగితే నేను నోరు వెళ్లబెట్టాను. మా అక్కకు ఫోన్ చేశాను, దానికీ తెలియదు. అటక మీద ఆవిడ కాపురానికి తెచ్చుకున్న ఇత్తడి గంగాళం ఉంది. అంచు కింద చుక్కచుక్కలుగా పేరు కొట్టించి ఉంటుందని గుర్తు. దింపి చూస్తే ఎన్నేళ్లు చింతపండు పెట్టి తోమారో గానీ అక్షరాలు కంటికి ఆనడం లేదు. పల్చటి కాగితం దాని మీద గట్టిగా పట్టి, పెన్సిల్‌ను అడ్డంగా ఆనించి రుద్దమన్నాను. ముందు ఏమీ రాలేదు. తర్వాత ఓ చుక్క, దాని పక్కన మరో చుక్క. "అమ్మమ్మా, ‘సీ’!" అని మనవరాలు కేక పెట్టింది. రెండో అక్షరం దగ్గర సొట్ట. కాగితం మార్చి, జరిపి, మూడోసారికి పేరంతా తేలింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయని చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

శాసనాలను కూడా దాదాపు ఇలాగే ఎత్తుతారని అప్పుడు చెప్పాను. రాయి మీద తడి కాగితం పరిచి, బ్రష్‌తో అద్ది, పైన సిరా పూస్తారు. రాణి రుద్రమదేవి ఎప్పుడు పోయిందో మనకు తెలిసింది నల్లగొండ వైపు చందుపట్లలో దొరికిన 1289 నాటి శాసనం వల్లే కదా. "అయితే మన గంగాళం కూడా శాసనమేనా?" అన్నాడు మనవడు. కాదని ఎలా అంటాను?

ఆ పేరుతోనే ఓ పుస్తకం మొదలుపెట్టాం. తెల్లకాగితాలు మధ్యకు మడిచి, దబ్బనంతో మూడు బెజ్జాలు పొడిచి, దారంతో కుట్టాం. మనిషికి ఒక పేజీ. ఇది భండారు అచ్చమాంబ గారి దగ్గర అప్పు తెచ్చుకున్న ఆలోచన. ఆవిడ బడికి పోలేదు. తమ్ముడు చదువుతుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. ఆ తమ్ముడే చరిత్ర పరిశోధకులు కొమర్రాజు లక్ష్మణరావు గారు. నూట ఇరవై ఏళ్ల కిందట, స్త్రీల చరిత్రలు వెతికి వెతికి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది. ముప్ఫై ఏళ్లు దాటాయో లేదో, 1905లో పోయింది. ఆవిడ పేరు మా టీచర్లలోనే చాలామందికి తెలియదు. నాకూ రిటైరయ్యాకే తెలిసింది.

తీరిక ఎక్కడుంది అంటారు. చార్టు అతికించడానికి పట్టే రాత్రి చాలు. మగపిల్లలకు ఇవన్నీ ఎందుకు అని మా పక్కింటాయన అడిగారు. ఆయనకు మా మనవడు టికెట్ అమ్మాడు.

అసలు చిక్కు పుస్తకాల దగ్గరే. దుర్గాబాయి మీద పిల్లలు చదవదగ్గ తెలుగు పుస్తకం కోసం మాకు దగ్గర్లోని శాఖా గ్రంథాలయానికి వెళ్లాను. పోటీ పరీక్షల గైడ్లు నిలువెత్తు ఉన్నాయి. పిల్లల అర ఒకటుంది. అందులో నీతికథలు, తెనాలి రామకృష్ణుడు, అట్టలు ఊడిన ఓ సైన్సు పుస్తకం. ఇంటి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ డబ్బులోంచి ప్రతి శాఖకూ స్త్రీల జీవిత కథలు ఓ పాతిక, పెద్ద అక్షరాలవి, బొమ్మలున్నవి, కొనలేరా? ఆదివారం పూట ఓ బల్ల, కాగితాలు, కత్తెర, బంక పెడితే ఇంట్లో చెప్పేవాళ్లు లేని పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు. బడులు చార్టు బదులు ‘మీ ఇంట్లో ఒక పెద్దావిడ పేరు, ఆవిడ చేసిన పని’ రాసుకు రమ్మంటే షాపుకు వెళ్లే పనే ఉండదు. మీ పత్రిక పిల్లల పేజీలో కూడా మార్చిలో ఒక్క వారమే కాకుండా నెలకొకరి కథ, దానితో పాటు కత్తిరించి చేసుకునే బొమ్మ ఒకటి వేస్తే బాగుంటుందని నా మనవి.

గ్రంథాలయంలో ఇదంతా చెబితే, కావలసిన పుస్తకాలకు అర్జీ రాసిమ్మన్నారు. రాశాను. కింద మా మనవరాలు సంతకం చేసింది. తన పేరు పైన ఉండాలని మనవడు గొడవ చేస్తే, మళ్లీ ఇంకో కాగితం తీసుకోవలసి వచ్చింది.

– ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని, కాకినాడ