న్యాయశాఖ మంత్రి గారూ, మా సాక్షికి స్టీమరు పంపండి

అయ్యా, నమస్కారం.

ఇది నాలుగో అర్జీ. మొదటి మూడూ కలెక్టరాఫీసులో సోమవారం గ్రీవెన్సులో ఇచ్చాను, రసీదులున్నాయి. వాటిలో ఒకదానికి ‘మీ సమస్య పరిష్కరించబడింది’ అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఏం పరిష్కరించారో చెబితే మా అమ్మకి చెప్పుకుంటాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. రెండెకరాల జీడితోట మీద భాగపంపిణీ దావా. మా నాయనమ్మ వేలిముద్ర వేసిందంటూ చిన్నాన్న ఒక వీలునామా తెచ్చాడు. ఆ ముద్ర ఆమెది కాదని ఎక్స్‌పర్ట్ రిపోర్టు వచ్చి మూడేళ్లయింది. రిపోర్టు ఇచ్చినాయన రిటైరై హైదరాబాద్‌లో ఉంటున్నారు. ఆయన్ని బోనెక్కించి క్రాస్ చేస్తేగానీ, అంటే ఎదురు ప్రశ్నలు వేస్తేగానీ, ఒప్పుకోమని చిన్నాన్న ప్లీడరు పట్టు. అది వాళ్ల హక్కే, కాదనను.

సివిల్ ప్రొసీజర్ కోడ్ 16వ ఆర్డరు 19వ రూలు మీకు తెలియంది కాదు. సాక్షి వంద కిలోమీటర్ల లోపు ఉండాలి. దారిలో ఆరింట ఐదొంతులు రైలో, స్టీమరో, మరో ప్రజా రవాణానో ఉంటే ఐదు వందల లోపు. అది దాటితే రమ్మని ఆర్డరు వేయలేరు. మేం ఎప్పుడో దాటిపోయాం. ఇక మిగిలింది విమానం, చార్జీ మనం కడితే పిలవొచ్చు. ఆ విమానం విశాఖలో దిగుతుంది, అక్కణ్ణుంచి మా కోర్టుకి కారులో ఇంకో మూడు నాలుగు గంటలు.

రెండుసార్లు కట్టాను. మొదటిసారి జడ్జిగారు సెలవు. రెండోసారి లాయర్ల బాయ్‌కాట్. పాపం ఆ ఎక్స్‌పర్టు రాత్రి లాడ్జిలో పడుకుని, పొద్దున ఇడ్లీ తిని, కోర్టు వరండాలో బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చుని వెళ్లిపోయారు. మూడోసారి ఫోన్ చేస్తే మోకాళ్ల నొప్పులన్నారు. ఏమని బతిమాలను? సాక్షి ఉన్న చోటికే వెళ్లి సాక్ష్యం రాసుకొచ్చే కమిషనర్ని కోర్టు ద్వారా వేయించుకోమన్నారు. ఆయన ఫీజు, రెండు వైపుల లాయర్ల ప్రయాణాలు కలిపి లెక్కేస్తే ఆ ఏడు జీడిపిక్కల డబ్బు చాల్లేదు.

కోర్టు హాల్లో పెద్ద టీవీ ఉందండీ. జైలు నుంచి రిమాండు ఖైదీలు అందులో కనపడి, పేరు చెప్పి వెళ్తుంటారు. సివిల్ కేసులు పిలిచే వేళకి దాని మీద తెల్లగుడ్డ కప్పేస్తారు. అడిగితే, అవతల సాక్షి ఉన్న చోట కూడా వీడియో ఏర్పాట్లు చూసుకునే ఒక కోఆర్డినేటర్ ఉండాలి, ఎవరున్నారు అంటారు. అసలు వీలునామా ఇక్కడి కోర్టు బీరువాలో ఉంది, ఆ కాగితం చూపించకుండా క్రాస్ ఎలా అని ప్లీడరు. కాగితాన్ని పెద్దగా చూపించే కెమెరా ఒకటి కావాలట. అదొక్కటే తక్కువ!

న్యూయార్క్ డాక్టరు సాక్ష్యాన్ని వీడియోలో తీసుకోవచ్చని సుప్రీంకోర్టు ప్రఫుల్ దేశాయ్ కేసులో చెప్పింది 2003లో. క్రిమినల్ కేసుకే పనికొచ్చింది. మాకు హైదరాబాద్ దూరమైపోయింది.

ఇదంతా హైకోర్టు పరిధి అంటారని తెలుసు. నిధులిచ్చేది మీరే కదా. హైదరాబాద్‌లో ఒక గది, ఒక మనిషి, ఇక్కడ ఒక కెమెరా. దయచేసి ఏదో ఒకటి చేయండి. పక్క రాష్ట్రమైతే అక్కడి మంత్రిగారితో ఒక మాట మాట్లాడండి. కాదంటే స్టీమరైనా పంపండి, రూల్లో ఉంది కదా.

వచ్చే వాయిదా 24న. ఎక్స్‌పర్టుకి ఇప్పుడు డెబ్బై నాలుగేళ్లు. మనిషి ఉండగానే ఆ క్రాస్ చేయించండి.

ఇట్లు,
ఉద్దానం నుంచి ఒక వాది కొడుకు