చందా ఎలాగూ పోతుంది, ఓటు మాత్రం వదులుకోకు

అమ్మలూ,

పైలట్ల యూనియన్‌లో చేరాలా వద్దా అని మొన్న ఫోన్లో అడిగావు. నీకు డ్యూటీ టైమైపోవడంతో మాట మధ్యలో ఆగిపోయింది. ప్రొబేషన్ ముగియబోతోంది కాబట్టి సభ్యత్వం ఫారం నీ చేతికి వచ్చేలోగా నా మనసులో ఉన్నదంతా రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. మన పైలట్ల యూనియన్ ఆల్పాకి కట్టే చందా జీతంలో 1.85 శాతం. ఏడాదికి 90,000 డాలర్లు వస్తే 1,665 డాలర్లు, నెలకు సుమారు 139. ట్రైనింగ్ లోను ఇంకా తీరని నీకు అది చిన్న మొత్తమని నేననను. పైగా 2018 నుంచి ఫెడరల్ టాక్సులో ఈ చందాకి మినహాయింపు కూడా లేదు. జీతం పెరిగేకొద్దీ కోతా పెరుగుతుంది. కెప్టెన్ అయ్యాక ఇప్పటికన్నా చాలా ఎక్కువే పోతుంది.

"చేరకపోయినా యూనియన్ కంపెనీతో కుదుర్చుకున్న కాంట్రాక్టు అందరికీ ఒకటే కదా, ఊరికే కట్టడమెందుకు" అని నీ క్లాస్‌మేట్ అన్నాడని చెప్పావు. అందులో సగం నిజం. అమెరికాలో ఎయిర్‌లైన్ పైలట్లందరం 1936 నుంచి రైల్వే లేబర్ యాక్ట్ కిందికి వస్తాం. ఆ చట్టం ప్రకారం యూనియన్ సభ్యుల తరఫునే కాదు, ఆ ఉద్యోగం చేసే అందరి తరఫునా న్యాయంగా మాట్లాడాలి. ఈ బాధ్యత ఉందని సుప్రీంకోర్టు 1944లో చెప్పింది. కేసు వేసినాయన ఒక నల్లజాతి రైల్వే ఫైర్‌మన్, అంటే రైలింజనులో బొగ్గు వేసే పనివాడు. నల్లవాళ్ళను సభ్యులుగా చేర్చుకోని యూనియనే యాజమాన్యంతో కూర్చుని, వాళ్ళ ఉద్యోగాలు తెల్లవాళ్ళకు పోయేలా ఒప్పందం రాయించింది. ఈ కేసుని గుర్తుంచుకో, మళ్ళీ ఇక్కడికే వస్తాను.

మిగతా సగం తప్పు. మీ కంపెనీ కాంట్రాక్టులో ఏజెన్సీ షాప్ క్లాజు ఉంది. చేరనివాళ్ళు కూడా సర్వీస్ చార్జ్ పేరుతో దాదాపు అంతే కట్టాలి. యూనియన్‌కి డబ్బు కట్టనక్కర్లేదని 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రభుత్వ ఉద్యోగులకే, మనకు కాదు. యూనియన్‌కి డబ్బు కట్టమని ఉద్యోగిని బలవంతపెట్టకూడదని కొన్ని రాష్ట్రాల్లో ఉన్న రైట్ టు వర్క్ చట్టాలు కూడా మన దగ్గర పనిచేయవు. బేరసారాలకు సంబంధం లేని ఖర్చుకి నా డబ్బు వాడొద్దని అభ్యంతరం రాసిస్తే కొంత తగ్గుతుంది, నిజమే. కానీ ఖర్చులో పెద్ద భాగం ఆ బేరసారాలదే. అంటే చేరనివాడు పెద్దగా మిగుల్చుకునేదేమీ లేదు, ఓటు మాత్రం పోగొట్టుకుంటాడు. కాంట్రాక్టు ముసాయిదా వచ్చినప్పుడు ఒప్పుకోవాలా తిప్పికొట్టాలా అని తేల్చేది సభ్యుల ఓటే. బేస్‌లో రెప్‌ని, అంటే యూనియన్ ప్రతినిధిని, ఎన్నుకునేదీ వాళ్ళే.

ఇందాకటి కేసులో ఆ ఫైర్‌మన్‌కి యూనియన్‌లో ఓటు లేదు. అలా ఓటు లేనివాళ్ళ గతి ఏమవుతుందో మన వృత్తి చరిత్రలోనూ ఉంది. 1980లలో బి-స్కేల్ అని వచ్చింది. అదే విమానం, అదే సీటు, అదే పని, కానీ కొత్తగా చేరేవాళ్ళకి జీతం బాగా తక్కువ. అమెరికన్ ఎయిర్‌లైన్స్‌లో 1983లో మొదలై మిగతా కంపెనీలకూ పాకింది. అది సులువుగా ఒప్పందాల్లోకి ఎక్కడానికి కారణం నాకు స్పష్టంగా కనబడుతుంది: నష్టపోయేవాళ్ళు అప్పటికి ఉద్యోగంలోనే లేరు, కాబట్టి వాళ్ళ ఓటు లేదు. 1985లో యునైటెడ్ పైలట్లు 29 రోజులు సమ్మె చేసింది ముఖ్యంగా దీనికోసమే. ఇంకా పేరోల్లోకి ఎక్కని కొత్త పైలట్లు కొన్ని వందల మంది కూడా వాళ్ళతోపాటు నిలబడ్డారు. ఆ మాట తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

యూనియన్ ఎప్పుడూ న్యాయంగానే ఉంటుందని మాత్రం అనుకోకు. అమెరికా వెస్ట్, యూఎస్ ఎయిర్‌వేస్ అనే రెండు ఎయిర్‌లైన్లు 2005లో కలిశాయి. రెండు సీనియారిటీ జాబితాలను ఎలా కలపాలో 2007లో ఆర్బిట్రేటర్ (మధ్యవర్తి) తీర్పు ఇచ్చాడు. అది నచ్చని యూఎస్ ఎయిర్‌వేస్ పైలట్లు సంఖ్యలో ఎక్కువ. 2008 ఎన్నికలో ఆల్పానే తప్పించి కొత్త యూనియన్ పెట్టుకున్నారు. ఆ తర్వాత ఏళ్ళ తరబడి కోర్టులు. మన బతుకంతా సీనియారిటీ నంబరు మీదే కదా: ఏ బేస్, ఏ విమానం, పండక్కి ఇంట్లో ఉంటామా లేదా, ఎప్పుడు కెప్టెన్ అవుతాం, అన్నీ అదే. అలాంటి నంబరు మీద సాటి పైలట్లే ఒకరితో ఒకరు కొట్లాడుకున్నారు. మెజారిటీ చేతిలో యూనియన్ ఎంత మొరటుగా మారగలదో చూశాను కాబట్టే, మంచివాళ్ళు బయట నిలబడి చూడకూడదని ఇంత గట్టిగా చెబుతున్నాను.

జీతాల పెంపు గురించి అందరూ చెబుతారు. 2023లో డెల్టా పైలట్లకి నాలుగేళ్ళలో 34 శాతం పెరిగింది. కానీ అందులో పైలట్ల కొరత వాటా ఎంత, యూనియన్ బలం ఎంత అని విడదీయడం కష్టం. నేనైతే చందా విలువని అక్కడ కొలవను.

నాకు కిడ్నీలో రాయి వచ్చి, విమానం నడపడానికి కావాల్సిన మెడికల్ సర్టిఫికెట్ ఆగిపోయిన సంగతి నీకు తెలుసు. నువ్వప్పుడు చిన్నపిల్లవి, అమ్మ ముఖంలో టెన్షన్ మాత్రం చూసి ఉంటావు. ఏ స్కాన్ ఎప్పుడు తీయించాలి, విమానయానాన్ని నియంత్రించే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏకి ఏ కాగితం ఏ వరసలో పంపాలి అన్నది యూనియన్ తరఫు డాక్టర్లు దగ్గరుండి చూశారు. ఆ సేవ సభ్యులకే. గాల్లో పొరపాటున చెప్పిన ఎత్తు తప్పి ఎఫ్ఏఏ నోటీసు వస్తే పక్కన కూర్చునే లాయరూ అంతే. చీఫ్ పైలట్ "ఒకసారి వచ్చి కలువు" అన్న రోజున గదిలోకి ఒంటరిగా వెళ్ళకు, రెప్‌ని వెంటబెట్టుకుని వెళ్ళు.

అలసట విషయంలో కూడా ఇంతే పట్టుదలగా ఉండు. 2009 ఫిబ్రవరిలో బఫెలో దగ్గర కోల్గన్ ఎయిర్ కంపెనీ విమానం కూలి 50 మంది పోయారు. ఫస్ట్ ఆఫీసర్ ముందురోజు రాత్రంతా దేశం ఆ చివరి నుంచి ఈ చివరికి ప్రయాణం చేసి డ్యూటీకి వచ్చింది. చనిపోయినవాళ్ళ కుటుంబాలు పట్టు వదలకుండా తిరిగాయి, పైలట్ యూనియన్లూ ఒత్తిడి తెచ్చాయి. 2014 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనల్లో డ్యూటీకి ముందు 10 గంటల విశ్రాంతి, అందులో 8 గంటలు నిద్రకి వీలు ఉండాలి. కార్గో పైలట్లని మాత్రం వదిలేశారు. అది నాకిప్పటికీ అన్యాయంగానే తోస్తుంది. నువ్వు అలసిపోయానని చెప్పి ట్రిప్ వదిలేసిన రోజు షెడ్యూలింగ్ వాళ్ళు గుచ్చి గుచ్చి అడిగితే, కాంట్రాక్టులో ఆ సెక్షన్ నీకు కంఠతా వచ్చి ఉండాలి.

ఫారంతో పాటు యూనియన్ రాజకీయ నిధి అయిన ఆల్పా-పాక్‌కి విరాళం ఇవ్వమని ఇంకో కాగితం రావచ్చు. అది వేరు, పూర్తిగా నీ ఇష్టం. ఎన్నికల్లో అభ్యర్థులకు వెళ్ళేది ఆ డబ్బే, చందా కాదు. లోను తీరేదాకా దాన్ని పక్కన పెట్టు. సభ్యత్వం ఫారం మాత్రం నింపి పంపు. వచ్చే నెల మీ బేస్‌లో రెప్ ఎన్నిక ఉందన్నావు కదా. నిలబడ్డవాళ్ళిద్దరితోనూ కాఫీకి కూర్చుని, పిలుపు కోసం సిద్ధంగా ఉండే రిజర్వ్ పైలట్ల గురించి ఏం చేస్తారో అడుగు. ఏమన్నారో నాకూ చెప్పు.

నాన్న