నలుపు నల్లగా పడింది, మాస్టారూ

నిన్న రాత్రి చీకటిగదిలో తీసిన ఫోటో ప్రింటు ఆరాక పొద్దున్నే కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. అందులో జుట్టు నల్లగా ఉంది. ఆరు నెలలుగా నాకు వస్తున్న బూడిదరంగు కాదు, అచ్చమైన నలుపు. ఈ మాట ఇద్దరికి, నాకు దారి చూపిన మాస్టారికీ అక్కకీ చెప్పాలి, అదీ నలుగురి ముందు చెప్పాలి.

బ్లాక్ అండ్ వైట్ ప్రింటింగ్ నేను మూడు పాత పుస్తకాలు ముందేసుకుని మొదలుపెట్టాను. పుస్తకాలు మంచివే. కాకపోతే కాంట్రాస్ట్, అంటే నలుపు తెలుపుల మధ్య తేడా, చాలకపోతే మూడో గ్రేడు కాగితం తీసుకోమంటాయి, నా దగ్గరున్నదేమో మల్టీగ్రేడ్. దానికి కాగితం మార్చక్కర్లేదు, నెగటివ్‌లోని బొమ్మను కాగితం మీద పెద్దది చేసి వేసే ఎన్‌లార్జర్‌లో 00 నుంచి 5 దాకా ఉండే ఫిల్టర్లలో తగినది పెడితే చాలు. ఇది తెలిసేలోపు ఒక డబ్బా కాగితం తగలేశాను. ఇల్‌ఫర్డ్ వాళ్లు మల్టీగ్రేడ్ తెచ్చింది 1940లోనే. ఆ రచయితలకు దానిమీద ఎందుకో గురి కుదిరినట్టు లేదు!

అసలు బాధ బూడిదరంగుది. ఫిల్టర్ మార్చాను, కాగితం మీద బొమ్మను తేల్చే మందు డెవలపర్ కొత్తగా కలిపాను, ఏం చేసినా అంతే. చివరికి ప్రింట్లన్నీ పట్టుకెళ్లి మాస్టారి ముందు పరిచాను. ఆయన వాటిని చూడనేలేదు. "డెవలపర్‌లో ఎంతసేపు ఉంచుతున్నావు?" అని అడిగారు.

"నల్లబడేదాకా అండీ."

ఆయన నవ్వారు. "సేఫ్‌లైట్ కింద అన్నీ నల్లగానే కనిపిస్తాయిరా. కంటిని కాదు, గడియారాన్ని నమ్ము."

అదీ సంగతి. సేఫ్‌లైట్ అంటే చీకటిగదిలో పెట్టుకునే ఎర్రలైటు, ఆ వెలుగులో బొమ్మ ముదిరిపోతోందని భయపడి అరనిమిషానికే లాగేస్తున్నాను. డెవలపర్ 20 డిగ్రీల్లో ఉంచి, ట్రే ఊపుతూ నిండా 60 సెకన్లు ఆగమన్నారు. నా ఆర్‌సీ (ప్లాస్టిక్ పూత ఉన్న) కాగితానికి అది సరిపోతుంది. మరీ ముదిరితే తగ్గించాల్సింది ఎన్‌లార్జర్ కింద ఎక్స్‌పోజర్, ట్రేలో సమయం కాదు. ఇంటికొచ్చి పుస్తకం తీస్తే ఆ మాట అందులో ఉంది. దాని కింద నేనే పెన్సిల్‌తో గీత కూడా గీసి పెట్టుకున్నాను.

రెండోది అక్కకి. కాగితం మీద వెలుగు ఎన్ని సెకన్లు పడాలో తేల్చుకోవడానికి ముందు ఒక ముక్క మీద వేసి చూస్తాం. నేను ఆ టెస్ట్ స్ట్రిప్‌ను 5, 10, 15 అంటూ ఐదేసి సెకన్ల చొప్పున పెంచుకుంటూ పోయేవాణ్ణి. 5 నుంచి 10కి వెలుగు రెట్టింపవుతుంది, 25 నుంచి 30కి తేడా కంటికే ఆనదు. 4, 8, 16, 32 అని రెట్టింపు చేసుకుంటూ పొమ్మంది అక్క. తెల్లటి చోట్ల మసకగా ఉంటే సేఫ్‌లైట్ మీద అనుమానపడమని కూడా అంది. కాగితం మీద నాణెం పెట్టి ఐదు నిమిషాలు ఆ వెలుగులో ఉంచి, తర్వాత కడిగాను. నాణెం ఉన్నచోట తెల్లటి గుండ్రం తేలింది, అంటే చుట్టూ ఆ వెలుగే సోకి మసకబారింది. బల్బు మార్చాను.

మాస్టారూ, ఆ మూడింట్లో మీరిచ్చిన పుస్తకం ఈ వారంలో తెచ్చి ఇస్తాను. ట్రేల పక్కన తెరిచి పెట్టుకోవద్దని మీరు చెప్పారు, నేను పెట్టుకున్నాను. రెండు పేజీల మీద హైపో, అదే బొమ్మను నిలబెట్టే మందు, మరకలు పడ్డాయి. తిట్లు తినడానికి సిద్ధపడే వస్తున్నాను, కూడా ఈ ప్రింటు తెస్తాను.